విదేశాలకు చీర పంపే ముందు: డబ్బు, పార్సిలు, మోసాలు

(పోచంపల్లి ఇక్కత్ నేతకారులు, ఆన్‌లైన్ అమ్మకందారుల ముందు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. పోచంపల్లి వాళ్లతో పాటు పుట్టపాక, కొయ్యలగూడెం నుంచి కూడా చాలామంది వచ్చారు. మగ్గం మీద కూర్చునేవాళ్లు, మాస్టర్ వీవర్లు, ఇంటి నుంచే వాట్సాప్‌లో, ఇన్‌స్టాగ్రామ్‌లో చీరలు అమ్మే అక్కచెల్లెళ్లు, అందరూ ఉన్నారు. అమెరికా నుంచో లండన్ నుంచో దుబాయ్ నుంచో ఆర్డరు వచ్చినప్పుడు చీరా పోయి, డబ్బూ పోయే గతి పట్టకుండా ఏం చేయాలన్నదే ఈ రోజు విషయం.

"డబ్బు వచ్చింది" అని మనం అలవాటుగా అనేస్తాం. అందులో మూడు వేర్వేరు సంగతులున్నాయి. డబ్బు పంపామని కబురు రావడం ఒకటి. మన ఖాతాలో జమ కావడం ఇంకొకటి. జమైన డబ్బు వెనక్కి పోకుండా మన దగ్గరే నిలవడం మరొకటి. మోసగాడు కబురును జమగా నమ్మిస్తాడు, జమను ఖాయంగా నమ్మిస్తాడు, మనం తేరుకునేలోపు సరుకు దాటిస్తాడు. ఈ మూడింటినీ విడివిడిగా చూడటం అలవాటైతే మిగతా జాగ్రత్తలన్నీ వాటంతట అవే అర్థమవుతాయి.

ముందు కబురు సంగతి. విదేశాల నుంచి ఆన్‌లైన్లో డబ్బు అందించే పేపాల్ సంస్థ పేరుతో మెయిల్ వస్తుంది. "మీకు 420 డాలర్లు వచ్చాయి, డబ్బు మా దగ్గర ఆగి ఉంది, ట్రాకింగ్ నంబరు పంపితే విడుదల చేస్తాం" అని ఉంటుంది. లోగో, రంగు, అక్షరాలు అన్నీ అచ్చు గుద్దినట్టే ఉంటాయి. ఇక్కడ చిక్కేమిటంటే, కొత్త అమ్మకందారుల డబ్బును పేపాల్ కొన్నిసార్లు నిజంగానే ఆపుతుంది. అందుకే చాలామంది నమ్మేస్తారు. నిజంగా ఆపి ఉంటే మీ ఖాతాలో ఆ లావాదేవీ కనిపిస్తుంది, పక్కనే ఆపినట్టు రాసి ఉంటుంది. మెయిల్లో ఉన్న లింకు నొక్కకండి. బ్రౌజర్లో చిరునామా మీ చేత్తో టైపు చేసి గానీ, యాప్ తెరిచి గానీ చూడండి. అక్కడ లేకపోతే ఆ డబ్బు ఎక్కడా లేదు. ఇదే మోసానికి ఇంకో రూపముంది: "మీది మామూలు ఖాతా, దాన్ని బిజినెస్ ఖాతాగా మార్చడానికి కొనేవారు అదనంగా 300 డాలర్లు కట్టారు, ఆ మొత్తం వారికి తిరిగి పంపండి" అంటారు. ఎవరో కట్టారని చెప్పే డబ్బును మన జేబులోంచి తిరిగి ఇమ్మనే ఏర్పాటు ఏ సంస్థలోనూ లేదు.

బ్యాంకు ద్వారా పంపామనేవాళ్లు స్విఫ్ట్ కాపీ, అంటే బ్యాంకుల మధ్య వెళ్లే విదేశీ బదిలీ సందేశం నకలు, పంపుతారు. అది కేవలం పీడీఎఫ్. ఎవరైనా అరగంటలో తయారు చేయగలరు. అందులో యూఈటీఆర్ అని 36 అక్షరాల నంబరు ఉండాలి, మధ్యలో నాలుగు చిన్న గీతలు ఉంటాయి. ఆ నంబరు తీసుకుని మీ బ్యాంకులో విదేశీ మారక విభాగానికి వెళ్లండి. డబ్బు బయలుదేరిందా, ఏ బ్యాంకు దగ్గర ఉంది అన్నది దాంతో వెతకవచ్చు. ఊళ్లోని చిన్న బ్రాంచిలో తెలియదంటే, విదేశీ లావాదేవీలు చూసే బ్రాంచి ఏదో అడిగి అక్కడికి వెళ్లండి. కొనేవాడు ఈ నంబరు ఇవ్వడానికి నసిగితే, జమ పడేదాకా చీర బీరువాలోనే ఉంచండి. పడ్డాక కూడా బ్యాంకు మిమ్మల్ని పర్పస్ కోడ్, అంటే డబ్బు దేనికోసం వచ్చిందో చెప్పే కోడ్, అడుగుతుంది. సరుకు పంపకముందే వచ్చిన అడ్వాన్సుకు పీ 0103 రాయాలి. ఆ డబ్బు విదేశాల నుంచి వచ్చిందని రుజువుగా బ్యాంకు ఇచ్చే కాగితాన్ని ఇన్వాయిస్‌తో కలిపి దాచండి.

వెస్టర్న్ యూనియన్ లాంటి మనీ ట్రాన్స్‌ఫర్లో పంపుతామంటే వద్దనండి. మన దేశంలో ఆ పద్ధతి కుటుంబ ఖర్చుల లాంటి సొంత అవసరాల కోసం పెట్టింది. రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం దాంట్లో వ్యాపారం డబ్బు తీసుకోకూడదు.

యూపీఐ గురించి ఒక్క ముక్క. డబ్బు తీసుకోవడానికి పిన్ను కొట్టే పని లేదు, క్యూఆర్ స్కాన్ చేసే పని అసలే లేదు. "ఈ కోడ్ స్కాన్ చేయండి, మీకు డబ్బు పడుతుంది" అన్నవాడు మీ ఖాతా ఖాళీ చేయడానికి వచ్చాడు.

ఇప్పుడు మూడో సంగతి. ఖాతాలో డబ్బు నిజంగానే పడింది, అయినా అది మనది కాకపోవచ్చు. దీని మీద ఎక్కువసేపు చెప్తాను, మనవాళ్లు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే.

దొంగిలించిన కార్డుతో కట్టారనుకోండి. గేట్‌వేలో, అంటే కార్డు డబ్బును మనకు చేర్చే ఆన్‌లైన్ సంస్థ పేజీలో, పేమెంట్ సక్సెస్ అని వస్తుంది, రెండు మూడు రోజుల్లో మీ ఖాతాలో రూపాయలూ పడతాయి. మీరు చీర పంపేస్తారు. నెల తర్వాత కార్డు అసలు యజమాని స్టేట్‌మెంట్ చూసుకుని "ఇది నేను కొనలేదు" అని తన బ్యాంకుకు చెప్తాడు. దాన్నే చార్జ్‌బ్యాక్ అంటారు. కార్డు వ్యవస్థల్లో ఇందుకు మామూలుగా 120 రోజుల వరకు గడువు ఉంటుంది. పేపాల్‌లో అయితే కట్టిన రోజు నుంచి 180 రోజుల వరకు ఫిర్యాదు పెట్టవచ్చు. ఆరు నెలలన్నమాట. మన దేశంలో పేపాల్ డబ్బు ఏ రోజుకారోజు బ్యాంకు ఖాతాలోకి వెళ్లిపోతుంది గనక, అక్కడ మిగిలిందేమీ లేదు, ఇక భయం లేదు అనుకుంటారు. కానీ ఫిర్యాదు నెగ్గితే పేపాల్ ఖాతా మైనస్‌లోకి వెళ్తుంది, తర్వాత వచ్చే ప్రతి ఆర్డరులోంచి కోసుకుంటారు.

దొంగ కార్డు ఆర్డరు ఎలా ఉంటుందో గమనించండి. నిజంగా ఇక్కత్ కొనే మనిషి తప్పకుండా ఏదో ఒకటి అడుగుతుంది. పట్టుదా, పట్టూ నూలూ కలిపి నేసిన సీకోదా? జాకెట్ ముక్క ఉందా? ఫాల్, పీకో చేసి ఇస్తారా? కొంగు ఇంకోసారి చూపించండి, ఈ ఎరుపు ఫోటోలో ఉన్నంత ముదురుగా ఉంటుందా? ఇలా సతాయిస్తుంది, బేరమూ ఆడుతుంది. అవతల ఉన్నది మోసగాడైతే వీటిలో ఒక్కటీ అడగడు. "మీ వస్తువు కండిషన్ ఎలా ఉంది, ఆఖరి ధర ఎంత" అంటాడు. కొత్త చేనేత చీరకు కండిషన్ ఏమిటి? వెయ్యిమందికి ఒకే మాట పంపుతాడు, ఫోను అమ్మేవాడికైనా చీర అమ్మేవాడికైనా అదే మాట. ధర చెప్పగానే ఒప్పుకుంటాడు, పది చీరలు కావాలంటాడు, అన్నిటికన్నా ఖరీదైన కొరియర్లో రేపే పంపమంటాడు. ఒక కార్డు ఫెయిలైతే వెంటనే ఇంకోటి, అదీ ఫెయిలైతే మూడోది పెడతాడు. కార్డు బిల్లింగ్ చిరునామా ఒక దేశం, పార్సిల్ చిరునామా ఇంకో దేశం ఉంటుంది. వీటిలో ఒకటి కనిపిస్తే అనుమానించి అడగండి, రెండు మూడు కలిసి కనిపిస్తే డబ్బు తిప్పి పంపేయండి. అలా తిప్పి పంపడంలో పోయేది గేట్‌వే రుసుము మాత్రమే.

గేట్‌వే వాళ్లను ఒక ప్రశ్న అడగండి: అంతర్జాతీయ కార్డులకు త్రీడీ సెక్యూర్ ఉన్నవాటినే అనుమతించే ఏర్పాటు పెట్టగలరా అని. మన కార్డులకు ఓటీపీ వచ్చినట్టు, అక్కడి బ్యాంకు తన ఖాతాదారును సరిచూస్తుంది. అలా సరిచూసిన లావాదేవీ తర్వాత దొంగ కార్డని తేలితే, మామూలుగా ఆ నష్టం కార్డిచ్చిన బ్యాంకుదే అవుతుంది. కొన్ని మంచి ఆర్డర్లు కూడా ఆగిపోతాయి, నిజమే. పదిహేను వేల చీర విషయంలో ఆ నష్టం భరించడమే మేలని నా అభిప్రాయం. కానీ "చీర అందలేదు", "చెప్పినట్టు లేదు" అనే ఫిర్యాదులకు ఈ రక్షణ వర్తించదు. వాటి సంగతి పార్సిల్ దగ్గర చెప్తాను.

ఇంకొకటి చాలా తెలివైన మోసం. కొనేవాడు విదేశంలో ఉన్నానంటాడు. "హైదరాబాదులో మా ఫ్రెండు యూపీఐ చేస్తాడు" అంటాడు. చేస్తాడు కూడా. పేరు చూస్తే మీకెవరో తెలియని మనిషి. ఆ డబ్బు ఇంకో రాష్ట్రంలో ఎవరినో మోసం చేసి లాగింది కావచ్చు. బాధితుడు ఫిర్యాదు చేయగానే ఆ డబ్బు ఏ ఏ ఖాతాల గుండా వెళ్లిందో పోలీసులు వరసగా పట్టుకుంటారు, మీ ఖాతాలో ఆ మొత్తాన్ని, కొన్నిసార్లు ఖాతా మొత్తాన్నీ నిలిపేయిస్తారు. మీరు చీర అమ్మారు, తప్పేం చేయలేదు. అయినా నూలు కొనడానికి డబ్బు తీయలేరు, నేతగాడికి కూలి ఇవ్వలేరు. ఎక్కడో ఉన్న పోలీసు స్టేషనుకు బిల్లులు, చాటింగ్, పార్సిల్ రసీదు పంపి నిరూపించుకోవాలి. కాబట్టి నియమం పెట్టుకోండి: కొనేవారి పేరు, కట్టేవారి పేరు ఒకటే ఉండాలి. మన ఎన్నారై అక్కలు ఊళ్లో ఉన్న తమ్ముడి చేత కట్టించడం మామూలే, దాన్ని కాదనలేం. అప్పుడు ఆ తమ్ముడితో మీరే ఫోన్లో మాట్లాడండి, ఇద్దరి పేర్లూ ఇన్వాయిస్‌లో రాయండి.

దీనికే అతుక్కుని ఉండేది "ఎక్కువ పడింది" అనే కథ. 18 వేలు పంపాల్సింది పొరపాటున 48 వేలు పంపానంటాడు. మిగిలిన 30 వేలు ఫలానా నంబరుకు వేయమంటాడు. లేదా "అందులోనే నా షిప్పింగ్ ఏజెంటు డబ్బు ఉంది, అతనికి ఇవ్వండి, అతనే వచ్చి చీరలు తీసుకెళ్తాడు" అంటాడు. అసలు మొత్తం రేపు వెనక్కి పోతుంది, మీరు పంపిన 30 వేలు మాత్రం తిరిగి రాదు. ఏ దారిలో వచ్చిన డబ్బు ఆ దారిలోనే తిరిగి వెళ్లాలి: కార్డుకు వస్తే గేట్‌వేలో రిఫండ్ నొక్కి ఆ కార్డుకే, బ్యాంకుకు వస్తే మీ బ్యాంకుకు ఉత్తరం ఇచ్చి బ్యాంకు చేతే. అవతలివాడు ఏడ్చినా, కేసు పెడతానన్నా మీరు చేత్తో ఇంకో నంబరుకు పంపకండి.

ఇక పార్సిల్.

పేపాల్ అమ్మకందారుకు ఇచ్చే రక్షణ దొరకాలంటే లావాదేవీ పేజీలో కనిపించే చిరునామాకే పంపాలి. దీన్ని తెలిసినవాడు డబ్బు కట్టాక "మేం ఇల్లు మారాం, ఈ చిరునామాకు పంపండి" అని వాట్సాప్‌లో పెడతాడు. మీరు మంచితనానికి పోయి పంపుతారు. తర్వాత "నా చిరునామాకు రాలేదు" అంటాడు, అది నిజం కూడా. జవాబు ఒకటే: "ఈ డబ్బు తిప్పి పంపుతాను, కొత్త చిరునామా పెట్టి మళ్లీ కట్టండి." నిజమైన మనిషికి ఇది ఐదు నిమిషాల పని. పార్సిల్ దారిలో ఉండగా కొనేవాడే కొరియర్ యాప్‌లో చిరునామా మార్చే వీలు కొన్నిచోట్ల ఉంది. బుక్ చేసేటప్పుడే దాన్ని ఆపమని అడగండి.

"నా కొరియర్ వాళ్లే వస్తారు" అన్నా, "నా కొరియర్ అకౌంట్ నంబరు మీద పంపండి" అన్నా ఒప్పుకోకండి. మొదటిదాంట్లో పార్సిల్ అందిందని చూపడానికి మీ చేతిలో ఏమీ ఉండదు. రెండోదాంట్లో ఆ అకౌంటు దొంగిలించినదైతే, రవాణా ఖర్చు తిరిగి పంపినవారి నెత్తినే పడుతుంది. మీ పేరు మీద మీరే బుక్ చేయండి.

750 డాలర్లు, ఆ పైన అయితే పేపాల్ సంతకంతో అందినట్టు రుజువు అడుగుతుంది. పెళ్లి పట్టుచీరలు రెండు కలిస్తే ఆ లెక్క దాటిపోతుంది. తక్కువ ధర పోస్టల్ ప్యాకెట్లలో కొన్ని దేశాల్లో సంతకం తీసుకోరు. అందుకని ఖరీదైన చీరకు స్పీడ్ పోస్టు గానీ సంతకం తీసుకునే కొరియర్ గానీ ఎంచుకోండి. పోస్టు ట్రాకింగ్ నంబరు 13 అక్షరాలు: మొదట రెండు ఇంగ్లీషు అక్షరాలు, తొమ్మిది అంకెలు, చివర ఐ, ఎన్. చాలా ఖాతాల్లో వివాదానికి జవాబిచ్చే గడువు తక్కువ, రసీదు వెతుక్కుంటూ కూర్చునే తీరిక ఉండదు. బుక్ చేసిన రోజే రసీదు ఫోటో తీసి ఆర్డరు పేరుతో దాచండి.

"పెట్టె ఖాళీగా వచ్చింది" అనే ఫిర్యాదు నుంచి బయటపడేసేది బరువు. కొరియర్ బిల్లు మీద రెండు బరువులుంటాయి. ఒకటి కాటా బరువు, ఇంకొకటి పెట్టె కొలతల లెక్క: పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి 5000తో భాగిస్తారు. 30, 25, 5 సెంటీమీటర్ల పెట్టె 750 గ్రాములవుతుంది, లోపల ఏమీ లేకపోయినా 750 గ్రాములే. వివాదంలో ఈ లెక్క పనికిరాదు. కాటా బరువు రసీదు మీద రాయించుకోండి.

ప్యాకింగ్ వీడియో ఎక్కడా ఆపకుండా ఒకే బిగిన తీయండి. చీర మడత విప్పి కొంగు, రెండు అంచులు, జాకెట్ ముక్క చూపించండి. అసలు పట్టుకు ఇచ్చే సిల్క్ మార్క్ హోలోగ్రామ్ లేబుల్ మీది నంబరు కెమెరాకు దగ్గరగా పెట్టండి, చదివేలా ఉండాలి. అదే నంబరు ఇన్వాయిస్‌లో రాయండి. తర్వాత మడిచి, కవర్లో పెట్టి, టేపు వేసి, చిరునామా కాగితం అంటించి, కాటా మీద పెట్టి అంకె కనిపించేదాకా ఆపొద్దు. దీనికి ఇంకో లాభముంది. రిటర్న్ పేరుతో మీ డబుల్ ఇక్కత్ ఉంచుకుని, ప్రింటు చీర తిప్పి పంపేవాళ్లున్నారు. లేబుల్ నంబరు ఇన్వాయిస్‌లో ఉంటే అబద్ధం అక్కడే తేలిపోతుంది. తిరిగొచ్చిన పార్సిల్ విప్పేటప్పుడు కూడా వీడియో తీయండి.

చీర "చెప్పినట్టు లేదు" అనే ఫిర్యాదులో సగం మన చేతుల్లోనే ఉంది. ఇక్కత్‌లో నూలుకు ముడులు కట్టి రంగు వేసి నేస్తాం గనక డిజైను అంచు సన్నగా చెదిరినట్టు ఉంటుంది. అది ఈ నేత లక్షణం, లోపం కాదు. తెలియని కొనుగోలుదారు దాన్ని ప్రింటు తప్పనుకుంటుంది, తెలిసినవాడు కావాలనే ఆ వంకతో డబ్బు వెనక్కి లాగుతాడు. అమ్మకం పేజీలోనే రాయండి: అంచులు చెదిరినట్టు ఉండటం ఇక్కత్ స్వభావం, ఫోన్ తెర మీద రంగు కొంచెం తేడాగా కనిపిస్తుంది, మొదటి ఉతుకు డ్రైక్లీనింగే. పొడవు, జాకెట్ ముక్క పొడవు మీటర్లలో ఇవ్వండి. సీకోను పట్టు అని రాయకండి. అలా రాస్తే ఫిర్యాదులో గెలిచేది కొనేవారే, అది న్యాయం కూడా.

"గిఫ్ట్ అని రాసి, ధర 20 డాలర్లు వేయండి" అని మంచి కస్టమర్లు కూడా అడుగుతారు, సుంకం తప్పించుకోవడానికి. ఒప్పుకుంటే ఏమవుతుందో చూడండి. పార్సిల్ పోతే బీమా 20 డాలర్లకే వస్తుంది. వివాదం వస్తే మీ ఇన్వాయిస్ 400 అంటుంది, కస్టమ్స్ కాగితం 20 అంటుంది, మీ కాగితమే మీకు ఎదురు సాక్ష్యం. అక్కడి కస్టమ్స్ పట్టుకుంటే సరుకు ఆగిపోతుంది. ఇక్కడ చూస్తే అది ఎగుమతిగా ఎక్కడా లెక్కలోకి రాదు, బ్యాంకులో వచ్చిన డబ్బుకు జత కలిపే కాగితం ఉండదు. విదేశీ వాణిజ్యం చూసే డీజీఎఫ్‌టీ దగ్గర ఐఈసీ అనే ఎగుమతి, దిగుమతి కోడ్ ఆన్‌లైన్లో తీసుకోవచ్చు, రుసుము 500 రూపాయలు. ఏటా ఏప్రిల్, జూన్ మధ్య దాన్ని అప్‌డేట్ చేయాలి. తపాలా శాఖ డాక్ ఘర్ నిర్యాత్ కేంద్రాల్లో పోస్టల్ బిల్ ఆఫ్ ఎక్స్‌పోర్ట్ అనే ఎగుమతి పత్రం ఆన్‌లైన్లోనే నింపి పంపవచ్చు.

సుంకం ఎవరు కట్టాలో అమ్మేటప్పుడే తేల్చండి. అమెరికాలో 800 డాలర్ల లోపు పార్సిళ్లకు సుంకం లేని వెసులుబాటు 2025 ఆగస్టు 29న పోయింది. ఆ గందరగోళంలో మన తపాలా శాఖ కూడా ఆ నెలలో బుకింగులు ఆపి, అక్టోబరు 15 నుంచి సుంకం ముందే ఇక్కడ కట్టే పద్ధతిలో మళ్లీ మొదలుపెట్టింది. రేట్లు మారుతూనే ఉన్నాయి, బుక్ చేసే రోజు అడిగి తెలుసుకోండి. కొనేవారే కట్టాలన్న పద్ధతిలో పంపితే, వాళ్లు పార్సిల్ తీసుకోకపోతే రానుపోను ఖర్చు, ఒక్కోసారి సుంకం కూడా మీకే బిల్లు వేస్తారు. సుంకం కలిపి ధర చెప్పి, ముందే వసూలు చేసుకోవడం నయం.

వంద చీరలు, రెండు వందల దుపట్టాలు అనే పెద్ద ఆర్డర్ల గురించి. ప్రభుత్వ టెండరు వచ్చింది, ముందుగా రిజిస్ట్రేషన్ ఫీజో లాయరు ఫీజో కట్టమంటే ఆ సంభాషణ అక్కడితో ఆపేయండి. ఇలా వచ్చే ఆర్డరుకు అమ్మేవాడు ముందుగా ఫీజు కట్టే పని ఉండదు. ఎల్.సి. (లెటర్ ఆఫ్ క్రెడిట్, కొనేవాడి బ్యాంకు ఇచ్చే చెల్లింపు హామీ) తెరిచామని కొనేవాడే మెయిల్లో కాపీ పంపితే అది లెక్కలోకి రాదు. నిజమైన ఎల్.సి. మీ బ్యాంకుకు స్విఫ్ట్‌లో వస్తుంది, బ్యాంకే మీకు తెలియజేస్తుంది. "కాగితాలు మా బ్యాంకుకు పంపండి, డబ్బు కట్టి విడిపించుకుంటాం" అనే పద్ధతిలో పెద్ద బోల్తా ఒకటుంది. ఓడలో పోయే సరుకు తీసుకోవాలంటే ఒరిజినల్ బిల్ ఆఫ్ లేడింగ్ అనే హక్కు పత్రం చూపాలి. విమానంలో పోయే సరుకుకు ఇచ్చే ఎయిర్‌వే బిల్లు హక్కు పత్రం కాదు. దాని మీద కొనేవాడి పేరుంటే, బ్యాంకుకు రూపాయి కట్టకుండానే సరుకు తీసుకెళ్లిపోతాడు. మన చీరలు పోయేది విమానంలోనే. అందుకని కొత్త కొనుగోలుదారుతో సగం అడ్వాన్సు నూలుకు రంగు వేయకముందే, మిగతా సగం సరుకు బయలుదేరకముందే తీసుకోండి. వాళ్ల డిజైను, వాళ్ల లోగో రంగులతో నేసింది ఇంకెవరూ కొనరు గనక అడ్వాన్సు ఇంకా ఎక్కువ అడగడంలో తప్పులేదు.

పార్సిళ్లు పంపేవాళ్లకే ప్రత్యేకంగా తగిలే ఫోను ఒకటుంది. "మీ పేరు మీద వెళ్లిన పార్సిల్లో మత్తుమందు దొరికింది, కస్టమ్స్ నుంచి మాట్లాడుతున్నాం" అంటారు. మీరు నిజంగానే నిన్న పార్సిల్ పంపి ఉంటారు, అందుకే గుండె జారిపోతుంది. వీడియో కాల్లో యూనిఫారం చూపించి, డిజిటల్ అరెస్టు అంటారు. మన చట్టంలో అలాంటి అరెస్టు లేదు. ఫోను పెట్టేసి, మీ ట్రాకింగ్ నంబరు మీరే చూసుకోండి.

మోసపోయామని తెలిస్తే గంటలు లెక్క. 1930కు ఫోన్ చేయండి, తర్వాత సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు నమోదు చేయండి. యూటీఆర్ అనే బ్యాంకు లావాదేవీ నంబరు, మొత్తం, సమయం, ఏ ఖాతా నుంచి ఏ ఖాతాకు వెళ్లింది, ఇవి చేతిలో పెట్టుకుని చేయండి. డబ్బు ఇంకా ఏదో ఖాతాలో ఆగి ఉంటే నిలిపేయవచ్చు. పార్సిల్ ఇంకా దారిలో ఉంటే దాన్నీ ఆపవచ్చు: అందేలోపు వెనక్కి రప్పించమని పంపినవారు అడిగే హక్కు పోస్టులో ఉంది, కొరియర్‌కైతే రసీదు నంబరుతో ఫోన్ చేసి, అదే మెయిల్ కూడా పెట్టండి. కోపంలో అవతలివాణ్ని వెంటనే బ్లాక్ చేసి చాటింగ్ తుడిచేయకండి. వాట్సాప్‌లో ఎక్స్‌పోర్ట్ చాట్ నొక్కి మీ మెయిల్‌కు పంపుకున్నాక, ప్రొఫైల్, ఫోన్ నంబరు స్క్రీన్‌షాట్ తీసుకున్నాక అప్పుడు బ్లాక్ చేయండి. ఇప్పుడు ప్రశ్నలు తీసుకుందాం. ఏదైనా ఆర్డరు మీద అనుమానం ఉన్నవాళ్లు ఫోన్లు తీసి ముందుకు రండి, ఆ సందేశాలు ఇక్కడే కలిసి చూద్దాం.